చలికాలం, చంటిబిడ్డ, బీడీల చాట

(2019 జనవరిలో నిజామాబాదు జిల్లాలో జరిగిన ఒక మహిళా సమావేశంలో న్యాయవాది అయిన సోదరి చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం ‘పనిచేసే తల్లి, పాలు తాగే బిడ్డ’. ఈ మాట వినగానే చాలామందికి బస్సు కోసం పరుగెత్తే ఉద్యోగిని గుర్తుకు వస్తుంది. ఆమె కష్టం చిన్నదేమీ కాదు, ఆమె గురించి కూడా చెబుతాను. కాని మన నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో పనిచేసే తల్లి చాలావరకు గడప దాటదు. గోడకు ఆనుకొని, ఒడిలో చాట పెట్టుకొని, పక్కన బిడ్డను పడుకోబెట్టుకొని బీడీలు చుడుతుంది. జనాభా లెక్కల వారు వచ్చి అడిగితే ఇంట్లో మగవారు “ఆమె ఏ పనీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది” అని చెబుతారు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికను చూడండి. ముస్లిం శ్రామిక స్త్రీలలో 70 శాతం తమ ఇంటి ఆవరణలోనే పని చేస్తున్నారనీ, అందరినీ కలిపి చూస్తే ఆ వాటా 51 శాతమనీ అందులో ఉంది. అంటే ఇంటి పట్టునే ఉండి చేసే పని మన స్త్రీల విషయంలో మినహాయింపు కాదు, అదే మామూలు. పని ఇంట్లోనే ఉన్నప్పుడు బిడ్డకు పాలివ్వడానికి ఇబ్బంది ఏమిటని అడిగేవారున్నారు. వారి కోసం ఈ తల్లుల పుష్య మాసపు దినచర్య కొంచెం వివరిస్తాను.

ఫజ్ర్ అజాన్‌కు ముందే ఆమె లేస్తుంది. రాత్రి తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకును విప్పుతుంది. ఈ కాలంలో గాలి పొడిగా ఉండి ఆకు తొందరగా ఎండుతుంది, కత్తెర పెట్టగానే పగులుతుంది. మళ్ళీ తడపాలి. చన్నీళ్ళలో తడిసిన వేళ్ళు కొయ్యబారిపోయి, వేసవిలో చుట్టినంత వేగంగా చుట్టలేవు. ఇంతలో బిడ్డ లేస్తుంది. చలిలో పసిపిల్లలు మాటిమాటికి తడుపుతారు. గుడ్డలు మార్చాలి, ఉతికిన గుడ్డలు పొద్దెక్కేదాకా ఆరవు. పొయ్యి, పెద్దపిల్లల బడి, అత్తమామల చాయ్ ఇవన్నీ దీనికి తోడు. మధ్యాహ్నం లోపు చుట్టిన కట్టలను కార్ఖానాకు అప్పగించాలంటే బిడ్డను ఎవరికైనా ఇచ్చి వెళ్ళాలి, లేదా ఎత్తుకొని వెళ్ళి ఆ వరుసలో నిలబడాలి.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. రెండు మూడు నెలల బిడ్డ రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. పదిసార్లు అనుకుందాం. సారికి ఇరవై నిమిషాలు. మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. గంటకు వంద బీడీలు చుట్టే చేయి అయితే ఆ సమయంలో మూడు వందల ముప్పై బీడీలు పోతాయి. కట్టకు ఇరవై అయిదు చొప్పున పదమూడు కట్టలు. నెలజీతం తీసుకొనే స్త్రీ బిడ్డకు పాలివ్వడానికి లేస్తే ఆమె జీతంలో కోత పెట్టడానికి యజమాని ధైర్యం చేయాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకొనే స్త్రీ విషయంలో యజమాని ఏమీ చేయనక్కరలేదు. బిడ్డ నోరు రొమ్మును పట్టుకున్న క్షణం నుండే కోత మొదలవుతుంది. ఎవరూ విధించని జరిమానా కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు చేయలేం.

ఈ జరిమానాను తప్పించుకోవడానికి తల్లులు ఏం చేస్తున్నారో మీకు తెలుసు. ‘ఈ కట్ట అయిపోనీ’ అని బిడ్డను ఏడవనిస్తారు. పంచదార నీళ్ళు పట్టిస్తారు. డబ్బాపాలు తెచ్చి, డబ్బా త్వరగా అయిపోకూడదని నీళ్ళు ఎక్కువ కలుపుతారు. అన్నిటికంటె నన్ను బాధించేది మరొకటి. పది పన్నెండేళ్ళ పెద్దకూతురిని చలికాలం వెళ్ళేదాకా బడి మాన్పించి, చెల్లెలిని ఎత్తుకోవడానికి ఇంట్లో ఉంచుతారు. చలికాలం వెళ్ళాక ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళడం నేను అరుదుగా చూశాను. తల్లి పాలకు కూలి లేనందువల్ల పడే భారాన్ని చివరకు ఆ ఇంటి ఆడపిల్లే మోస్తున్నది.

పాలు తోడిన కొద్దీ ఊరే బావి వంటివి. బిడ్డ తాగకపోతే తగ్గిపోతాయి, తాగితే పెరుగుతాయి. పాలను ఊరించే హార్మోను రాత్రిపూట ఎక్కువగా పనిచేస్తుంది గనుక, చలికి బద్ధకించి రాత్రి పాలు మానిపిస్తే పగటి పాలు కూడా సన్నగిల్లుతాయి. బిడ్డను తన దుప్పటిలోకి తీసుకొని, ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు పట్టుకొని పాలిస్తే తల్లి వేడే బిడ్డకు కంబళి అవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను బ్రతికించడానికి ఆసుపత్రులలో చేయిస్తున్నదీ ఇదే. మరి మన ఇళ్ళలో ఏమంటున్నారు? తల్లి చన్నీళ్ళలో చేయి పెడితే పాలు చల్లబడి బిడ్డకు జలుబు చేస్తుందంటారు. పాలు తల్లి ఒంటి వేడితోనే వస్తాయి, అవి చల్లబడవు. తల్లికి జలుబు చేస్తే పాలు మాన్పించాలంటారు. మాన్పించరాదు. ఆ జలుబును ఎదుర్కొనే రక్షణ పదార్థాలు ఆ పాలలోనే బిడ్డకు అందుతాయి. నోటికి ముక్కుకు గుడ్డ కట్టుకొని పాలిస్తే చాలు. తల్లిపాలు తాగే పిల్లలలో న్యుమోనియా ముప్పు తక్కువ. మొదటి ఆరు నెలలు నీళ్ళు కూడా అక్కరలేదనీ, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్ళు, ఇష్టమైతే ఆపైన కూడా పాలివ్వవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పదలిచాను. బాలింత గదిలో తలుపులు, కిటికీలు మూసి బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దాని నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక రెండవది తంబాకు. ఆ దుమ్ము గాలిలోనూ, నికోటిన్ వేళ్ళ ద్వారా చుట్టేవారి రక్తంలోనూ చేరుతుంది, కొంత పాలలోకీ వస్తుంది. అంతమాత్రాన పాలు మానవద్దు, పాలు మానితే జరిగే నష్టం అంతకంటె ఎక్కువ. పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, ఒడిలో పరచుకొన్న పని గుడ్డ తీసివేయండి, బిడ్డను చాట పక్కన కాక వేరే గదిలో పడుకోబెట్టండి. వేరే గది ఎక్కడిదని అడుగుతారు. నిజమే, ఒకే గది ఉన్న ఇళ్ళు నేను చూడనివి కావు. అందుకే చట్టం దగ్గరకు వస్తున్నాను.

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు మాత్రమే అని మనలో చదువుకున్నవారు కూడా అనుకుంటారు. బీడీ, సిగార్ కార్మికుల కోసం 1966లో ప్రత్యేక చట్టం వచ్చింది. దానిలోని 37వ సెక్షన్ ప్రసూతి చట్టాన్ని బీడీ సంస్థలన్నిటికీ వర్తింపజేసింది. ఇంటి దగ్గర చుట్టే స్త్రీని వదిలిపెట్టలేదు. ఆమె విషయంలో కొద్దిపాటి మార్పులతో ఆ చట్టం వర్తిస్తుందని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆకు, తంబాకు ఇచ్చి ఇంటి దగ్గర చుట్టించుకొన్నా ఆమె ఉద్యోగియేనని అదే చట్టం నిర్వచించింది. మధ్యలో టేకేదారు ఉన్నంత మాత్రాన కంపెనీ బాధ్యత తొలగిపోదు. యజమానులు దీనిని సవాలు చేస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది.

అంటే ఈ హాలులో కూర్చున్న చాలామంది అమ్మలు పుట్టకముందే, బీడీ చుట్టే బాలింతకు కూలి నష్టం లేని సెలవు రాసిపెట్టి ఉంది. ప్రసవానికి ముందరి పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు. 2017 సవరణతో ఇద్దరు పిల్లల వరకు ఆ సెలవు పన్నెండు వారాల నుండి 26 వారాలకు పెరిగింది. సెలవుకు ముందరి మూడు నెలల సగటు కూలి ప్రకారం లెక్కగట్టి ఇవ్వాలి. 26 వారాలంటే ఆరు నెలలు. బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేని ఆరు నెలలు సరిగ్గా అవే.

మరి ఎందుకు అందడం లేదు? నేను చూసినంతలో కారణం ఒక చిన్న పుస్తకం. ఎవరికి ఎంత ఆకు ఇచ్చారు, ఎన్ని బీడీలు వచ్చాయి అని రాసే ఆ పుస్తకం మన ఇళ్ళలో అత్తగారి పేరు మీద ఉంటుంది. కోడలు చుడుతుంది, అత్తగారి పేరున జమ అవుతుంది. కోడలు ప్రసవించి అడిగితే కంపెనీ పుస్తకం చూపమంటుంది. అందులో అరవై ఏళ్ళ స్త్రీ పేరుంటుంది. ఇందులో అత్తగారి దురుద్దేశం ఏమీ లేదు. పాత కార్డుకు భవిష్యనిధి ఉంటుంది, కొత్త కార్డు ఇవ్వడానికి కంపెనీ ఇష్టపడదు. కొత్త కార్డు ఇస్తే కొత్త బాధ్యత వస్తుందని దానికి బాగా తెలుసు. ఆ సంగతి మనకూ తెలియాలి. కోడలు ఇంట్లో అడుగుపెట్టి చాట పట్టిన మొదటి నెలలోనే ఆమె పేర పుస్తకం అడగండి. గర్భం నిలిచాక అడిగితే ఎందుకడుగుతున్నారో వారికి అర్థమవుతుంది. ప్రసూతి సెలవులో ఉన్న స్త్రీని పనినుండి తొలగించడం చట్టవిరుద్ధం. నా దృష్టిలో ఆకు, తంబాకు ఇవ్వడం మానివేయడం కూడా తొలగింపే. డబ్బు ఇవ్వకపోతే కార్మికశాఖ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. ఇవ్వవలసిందిగా ఆదేశించే అధికారం ఆయనకుంది.

ఈ చట్టంలో నాకు నచ్చని సంగతి కూడా ఒకటుంది. ఇద్దరు పిల్లలున్న తల్లికి మూడవ కాన్పులో 26 కాదు, 12 వారాలే. మన ఇళ్ళలో పిల్లల సంఖ్య మీద ఎగతాళి మాటలు విని విని చెవులు మొద్దుబారిపోయాయి. ఆ చర్చ ఇక్కడ చేయను. మూడవ బిడ్డకు ఆకలి సగం వేయదని, జనవరి చలి మూడవ బిడ్డను మినహాయించదని మాత్రం అంటాను.

బయటకు వెళ్ళి పనిచేసే సోదరీమణులకు రెండు మాటలు. పదిమంది లేదా అంతకంటె ఎక్కువమంది పనిచేసే దుకాణమైనా, సంస్థ అయినా ఆ ప్రసూతి చట్టం వర్తిస్తుంది. సెలవు ముగిసి పనిలో చేరాక బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా మామూలు విశ్రాంతికి అదనంగా రోజుకు రెండు పాల విరామాలు మీ హక్కు. యాభై, అంతకంటె ఎక్కువమంది ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లిని రోజుకు నాలుగుసార్లు అక్కడికి పోనివ్వాలి. ఇంటికి దూరమైతే, చేతులు కడుక్కొని, మరిగించి ఆరబెట్టిన స్టీలు గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి వెళ్ళండి. మన చలికాలపు గదిలో నాలుగు గంటల దాకా నిలుస్తాయి. ఉగ్గుగిన్నెతో పట్టమని చెప్పండి, సీసా వద్దు. గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చగా చేయవచ్చు గాని పాలను పొయ్యి మీద కాచరాదు.

ఇక మగవారు. వెనుక వరుసలలో ఉన్నారు, వింటున్నారనుకుంటాను. సూరా బఖరాలోని 233వ ఆయతును మనం పాలిచ్చే రెండేళ్ళ కాలపరిమితి కోసమే ఉదాహరిస్తాం. ఆ ఆయతులో అంతకంటె విస్తారంగా ఉన్నది తండ్రి బాధ్యత. పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి మీద ఉన్నాయి. బిడ్డ కారణంగా తల్లి నష్టపోకూడదు, తండ్రీ నష్టపోకూడదు. పాలు మాన్పించడం కూడా ఇద్దరూ సంప్రదించుకొని చేయవలసిన పని. ఇందులో తల్లి ఒక్కతే పడవలసిన కష్టమని ఎక్కడుంది? పాలు ఇవ్వడం తప్ప మిగిలినవన్నీ మీరు చేయగలరు. రాత్రి ఆకు మీరు తడపండి. పొద్దున్నే గుడ్డలు మీరు ఉతకండి. కట్టలు మీరు అప్పగించి రండి. కార్ఖానా వరుసలో మగవాడు నిలబడితే నవ్వుతారని నాతో ఒక సోదరుడు అన్నాడు. నవ్వనీయండి, వారం రోజులు నవ్వి ఊరుకుంటారు. బడి మానిన పిల్లకు పోయిన చదువు వారంలో తిరిగి రాదు.

నా తరువాత ఇద్దరు వక్తలున్నారు గనుక ఇక్కడితో ఆపుతాను. సమావేశం అయ్యాక కార్మిక సంఘం సోదరీమణులు బయట వరండాలో కూర్చుంటారు. పుస్తకం ఒకరి పేర, పని మరొకరిది అయిన ఇళ్ళవారు వెళ్ళి వివరాలు రాయించండి. గర్భిణులు ముందు వెళ్ళండి. బిడ్డలకు పాలివ్వవలసినవారికి ఎడమవైపు గదిలో చాపలు, దుప్పట్లు వేసి ఉంచారు. అక్కడికి కూడా మైకు వినిపిస్తుంది.