కర్ర కలము – సిరా కడుపు

కలము కొనేవారు సాధారణముగా దాని రంగు చూస్తారు, పాళీ చూస్తారు, జేబులో పెట్టుకొని అందము చూస్తారు. సిరా ఎక్కడ నిలుస్తుంది, ఎట్లా నింపవలె, ఎందువలన కారకుండ ఉంటుంది అని అడిగి కొనేవారు అరుదు. ఈ మూడు ప్రశ్నలకు చక్కని సమాధానము చెప్పే కలములు కొన్ని జపాను దేశములో తయారైనవి. కొన్ని మన గోదావరి ఒడ్డుననే తయారైనవి. వాటిని గురించి శ్రోతలతో ముచ్చటించడము ఈనాటి ప్రసంగ విషయము.

మాది తల్లాడ. ఖమ్మము నుండి వచ్చే బాట ఇక్కడ చీలి, ఒకటి సత్తుపల్లి వైపు, ఒకటి కొత్తగూడెము వైపు సాగిపోతుంది. ఆ పైన భద్రాచలము దాకా అడవులే. కనుక కర్ర మాకు క్రొత్త వస్తువు కాదు. నాగలి, బండి, మంచము, ద్వారబంధము, అన్నిటా కర్రతోనే మా సహవాసము. అయినను, జపానులో కొన్నాళ్ళు ఉద్యోగము చేసి తిరిగి వచ్చిన మా మేనల్లుడు లేత పసుపు వన్నె గల కలమొకటి నా చేతిలో పెట్టి, "మామయ్యా, ఇది కర్రతో చేసింది, చూడు" అన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలిగినది. అది మేపుల్ అనే చెట్టు కర్ర. నార గీతలు స్పష్టముగా కనబడుతున్నవి. చేతికి చల్లగా తగలదు. పట్టిన కొద్ది క్షణములకే మన చేతి వేడిని తనలోనికి తీసుకొంటుంది. నేను మెచ్చుకొనక ముందే ఒక ప్రశ్న వేసినాను: "సరేరా, దీంట్లో సిరా ఎక్కడ పోస్తరు?"

ఆ ప్రశ్నకు అరువది యేండ్లకు పైబడిన కారణమున్నది.

మా నాన్నగారు ఊరివారికి అర్జీలు వ్రాసిపెట్టేవారు. ఆయనకు రాజమహేంద్రవరములో కొన్న నల్లని కలమొకటి ఉండేది. ఒకనాడు అది అరుగు మీది నుండి పడి గొట్టము పగిలినది. నాన్నగారు పొరుగూరికి పోయిన సమయము చూచి, నేను దానిని మా వడ్రంగి దగ్గరకు తీసుకొనిపోయినాను. ఆయన టేకుముక్కను తరిమెన పట్టి, నడుమ తొలిచి, మరలు కోయడము కుదరక పాళీ భాగమును లక్కతో బిగించి ఇచ్చినాడు. చూడముచ్చటగా ఉన్నది. ఆ రాత్రి ఫిల్లరుతో నిండా సిరా పోసి, నాన్నగారి కాగితముల మీద పెట్టి నిద్రపోయినాను. తెల్లవారి చూస్తే టేకు గొట్టము నీలి రంగు తిరిగి, నార వెంబడి నిలువునా చీలి ఉన్నది. దాని క్రింద ఒక ముసలమ్మ కొరకు స్టాంపు కాగితము మీద వ్రాసి ఉంచిన అర్జీ ఉన్నది. ఒక్క అక్షరము మిగులలేదు.

నాన్నగారు నన్ను కొట్టలేదు. స్టాంపు డబ్బు తామే పెట్టుకొని, ఆ ముసలమ్మను కూర్చుండబెట్టి, అర్జీ అంతా మరల వ్రాసినారు. పిమ్మట నాతో, "కర్ర నీళ్ళు తాగుతది నాయనా. తాగని దాంట్లో పోయాలె" అన్నారు. తరువాత కొన్నాళ్ళకు రాజమహేంద్రవరము పోయి ఆ కలమునకు క్రొత్త నల్లగొట్టము వేయించుకొని వచ్చినారు.

ఆ మాటలో ఎంతో శాస్త్రమున్నది. చెట్టు బ్రతికినన్నాళ్ళు వేరునుండి ఆకుదాకా నీరు ఎక్కడానికి కర్ర నిండా సన్నని గొట్టములుంటవి. చెట్టును కొట్టి ఆరబెట్టినా ఆ గొట్టములు పోవు. వానకాలము తలుపు బిగిసిపోవడము, వేసవిలో వదులు కావడము మన యిండ్లలో చూస్తూనే ఉన్నాము. అటువంటి పదార్థములో సిరా నేరుగా పోస్తే అది ఊరుతుంది, ఉబ్బుతుంది, చివరకు చీలుతుంది. జపాను పనివారు ఈ సంగతి ఎరిగి, కర్రను చేతికి మాత్రమే వదిలిపెట్టినారు. వారి కర్రకలమును విప్పి చూస్తే, మర తిరిగే చోట్ల లోహమో గట్టి ప్లాస్టిక్కో ఉంటుంది. సిరా నిలిచేది లోపల వేరుగా అమర్చిన చిన్న గొట్టములో. పైలట్ కంపెనీ మేపుల్ కర్రతోను, ప్లాటినం కంపెనీ మధ్యధరా తీరపు బ్రయర్ అనే పొద వేరుబుడిపెతోను ఇటువంటి కలములను తయారు చేసినవి. బ్రయరు పొగగొట్టములకు ప్రసిద్ధి చెందిన కర్ర. నిప్పుసెగకు ఓర్చుకొనే ఆ కర్రకు కూడా సిరాను నేరుగా అప్పగించలేదు.

మరి తాగని పదార్థమేది? నాన్నగారి నల్లగొట్టము ఎబొనైటు. దాని పేరులో మా అడవి చెట్టు కూడ దాగి ఉన్నది. వేసవిలో బీడీల కొరకు ఆకు కోసే తునికి చెట్టు మీరందరు ఎరిగినదే. ముదిరిన తునికి మాను లోపలి చేవ నల్లగా, ఇనుమువలె గట్టిగా ఉంటుంది. ఆ జాతి నల్లకర్రను ఇంగ్లీషువారు ఎబొనీ అంటారు. రబ్బరుపాలతో చేసిన ముద్దలో గంధకమును నూటికి ముప్పది పాళ్ళ వరకు కలిపి చాలసేపు వేడిచేస్తే, సాగే గుణము పోయి, ఆ నల్లకర్రను పోలిన గట్టి పదార్థము వస్తుంది. పోలికను బట్టి దానికి ఎబొనైటు అని పేరు పెట్టినారు. అమెరికాలో గుడ్‌ఇయర్ సోదరులలో నెల్సన్ అనే ఆయన 1851లో దీనికి పేటెంటు పొందినాడు. చూపునకు కర్ర, తరిమెన మీద కర్రవలెనే లొంగుతుంది, మరలు చక్కగా కోయవచ్చును, కాని చుక్క సిరానైనా త్రాగదు. కలమునకు ఇంతకన్న ఏమి కావలెను?

మా తల్లాడ నుండి సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెముల మీదుగా పోయే బాట గోదావరి దాటి రాజమహేంద్రవరము చేరుతుంది. ఆ ఊరిలో కోసూరి వెంకటరత్నముగారు 1932లో స్వదేశీ కలముల తయారీ ప్రారంభించినారు. సామాన్యులకు పనికివచ్చే వస్తువేదైనా చేయుమని గాంధీమహాత్ముడు చెప్పిన మాట ఆయనకు ప్రేరణ. కుమారప్పగారి ద్వారా తమకు చేరిన రత్నము కలమును వాడి చూచి, బజారులోని విదేశీ కలములకు ఇది మంచి ప్రత్యామ్నాయముగా ఉన్నదని మహాత్ముడు 1935లో ఉత్తరము వ్రాసినారు. హైదరాబాదులో దక్కన్ పెన్ స్టోర్సు 1928 నుండియే ఉన్నది. ఎబొనైటు కడ్డీని తరిమెన పట్టి, తొలిచి, మరలు కోసి, పాళీని నాలుకను అమర్చి, ఒక్కొక్క కలమును చేతితో తయారుచేసే విద్య మన తెలుగునాట వేళ్ళూనినది ఈ విధముగా.

అంతకు కొంత ముందే జపానులోను ఇట్టి ప్రయత్నమే జరిగినది. సైలర్ కంపెనీ 1911లో, నమికి కంపెనీ 1918లో, ప్లాటినం కంపెనీ 1919లో ఆరంభమైనవి. నమికి కంపెనీయే తరువాత పైలట్ అయినది. వారికి ఎబొనైటుతో ఒక చిక్కు వచ్చినది. ఎండ తగిలి తగిలి నలుపు వెలిసి గోధుమ రంగు తిరుగుతుంది. దీనికి మందుగా నమికివారు 1925 ప్రాంతమున తమ దేశపు ఉరుషి పూతను ఎబొనైటు మీద పట్టించినారు. ఉరుషి అనేది ఒక చెట్టు పాలు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్కకు, దానికి పోలిక ఉన్నది, భేదము కూడ ఉన్నది. మన లక్క పురుగునుండి వచ్చేది, తరిమెన మీద తిరిగే అంకుడు కర్రకు ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పట్టుకొంటుంది, చల్లబడితే గట్టిపడుతుంది. ఉరుషికి వేడి చాలదు, గాలిలో తేమ కావలెను. తేమగల పెట్టెలో ఉంచి, ఆరిన తరువాత నునుపుచేసి, మరల పూత పూయవలెను. అట్లా పూతమీద పూత వేస్తూ, తడి పూతమీద బంగారుపొడి చల్లి బొమ్మలు తీర్చుతారు. 1930లో లండనులోని డన్‌హిల్ కంపెనీ ఈ కలములను ప్రపంచమంతట అమ్మడానికి నమికివారితో ఒడంబడిక చేసుకొన్నది.

ఇక సిరా నింపే పద్ధతులకు వస్తాము. అన్నిటికన్న పాతది, మన యిండ్లలో అందరూ ఎరిగినది, ఫిల్లరు పద్ధతి. మర విప్పి గొట్టములో చుక్క చుక్కగా సిరా పోసి మూయడమే. రెండు మూడు మిల్లీలీటర్లు సులువుగా పడుతుంది. లోపల చెడిపోయే యంత్రమేదీ లేదు. దీనికొక్కటే దోషము. సిరా తగ్గిన కొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి, సిరాను నాలుక మీదుగా బయటికి త్రోస్తుంది. కాగితము మీద బొట్టు పడుతుంది. రోహిణి కార్తెలో మా ఖమ్మము ఎండలకు చొక్కా జేబులు నీలమయ్యేది ఇందువలననే. గొట్టములో నాలుగవ వంతు మిగిలి ఉండగానే మరల నింపుకొంటే ఈ బాధ చాలవరకు తప్పుతుంది.

జపానువారు ఈ దోషమునకు మరొక ఉపాయము వాడినారు. దానిని వారు ఇన్‌కిదోమె అంటారు. సిరా ఆపేది అని అర్థము. గొట్టము నడుమ పొడవునా ఒక సన్నని కడ్డీ, దాని కొనను ఒక బిరడా ఉంటవి. కలము తోక దగ్గర చిన్న మర ఉంటుంది. దానిని బిగిస్తే బిరడా పోయి పాళీ వెనుక దారిని మూసివేస్తుంది. వ్రాసేటప్పుడు కొద్దిగా వదులు చేస్తే సిరా దిగుతుంది. తూము తలుపు ఎత్తి చెరువునీరు విడిచినట్లే. నాలుకలో నిలిచిన సిరాతో చిన్న జాబు వ్రాయవచ్చును. పెద్ద వ్రాతకు తోక విప్పి ఉంచుకొనవలెను. ఇంగ్లండులో 1905లో వచ్చిన ఓనోటో కలమునకు కూడ ఇట్టి మూత ఉండేది. దానికి జపానులో గొప్ప ఆదరణ లభించినది. నత్సుమె సొసెకి అనే ప్రసిద్ధ నవలాకారుడు కూడ దానిని వాడినాడు.

1957లో ప్లాటినం కంపెనీ సిరా నింపిన చిన్న గొట్టములను జపానులో ప్రవేశపెట్టినది. అయిపోగానే తీసి మరొకటి గ్రుచ్చుకొనవలెను. దాని స్థానములో అమర్చుకొని, సిరాబుడ్డిలో ముంచి పీల్చుకొనే కన్వర్టరు కూడ వచ్చినది. దీనిలో సిరా తక్కువ; సాధారణముగా ఒక మిల్లీలీటరు కూడ పట్టదు. కాని కర్రకలమునకు ఇది వరమైనది. సిరా తన పాత్ర విడిచి బయటికి రాదు; కర్ర తన కులాసాలో తాను ఉంటుంది. మా మేనల్లుని కలములో ఉన్నది ఇదే. నా పాత ప్రశ్నకు జవాబు దొరికినది.

ఇండ్లలో ఇటువంటి కలములున్నవారికి రెండు మూడు మాటలు చెప్పవలసి ఉన్నది. కర్రకలమును నీటిలో నానవేయకూడదు. కడగవలసినప్పుడు పాళీ భాగమును మాత్రము విప్పి, వట్టి చల్లని నీటితో కడిగి, ఆరబెట్టుకొనవలెను. చిత్రలేఖనమునకు వాడే చిక్కని నల్లసిరాను ఏ ఫౌంటెన్ పెన్నులోను పోయరాదు. నాలుకలోని సన్నని దారులు పూడుకొనిపోతవి. ఎబొనైటు కలమును ఎండలో వదలరాదు, వేడినీటితో కడుగరాదు. అన్నిటికన్న ముఖ్యము, వాడకుండ దాచకూడదు. సిరాతో నిండిన కలము పెట్టెలో ఎండిపోతే దానికంటె చెరుపు వేరొకటి లేదు.

ఈ చివరి మాట నాకు నేనే చెప్పుకొన్నాను. నాన్నగారు పోయిన తరువాత వారి నల్లకలమును నేను బీరువాలో పెట్టి తాళము వేసినాను. ఏటికొకసారి తీసి తుడవడము తప్ప వ్రాసింది లేదు. మేనల్లుడు తిరుగు ప్రయాణమునకు ముందు, "తాతయ్య పెన్ను నాకియ్యి మామయ్యా, నేను రాస్తా" అన్నాడు. నాకు మనసొప్పలేదు. పడవేస్తాడేమో, పోగొడతాడేమో అని రెండు రోజులు ఆలోచించినాను. ఆ కలమునకు గొట్టము ఒకసారి, పాళీ రెండుసార్లు, మూత ఒకసారి మార్చినాము. మార్చిన ప్రతిసారి అది మరల అర్జీలు వ్రాసింది. అటువంటి దానిని బీరువాలో పెట్టి చెడగొట్టినవాడను నేనే గదా అని తోచినది. మూడవనాడు వేకువనే విప్పి, కడిగి, ఫిల్లరుతో సిరా పోసి చూచినాను. నాలుగైదు గీతలు పొడిగా పోయినవి. ఆరవ గీతకు సిరా దిగినది. నెలకొక ఉత్తరము దానితోనే వ్రాయవలెనని మాట తీసుకొని వాని చేతికిచ్చినాను.

వాడు తన మేపుల్ కలమును నాకు విడిచిపోయినాడు. ఫౌంటెన్ పెన్నును జపానువారు మన్నెన్‌హిత్సు అంటారట. పదివేల యేండ్ల కుంచె అని దాని అర్థము. పదివేలు అటుంచి, మూడు తరములు నడిచిన కలమును నేను చూచినాను. ఈ ప్రసంగమును ఆ కర్రకలముతోనే వ్రాసినాను. వాని మొదటి ఉత్తరము మొన్ననే అందినది. కాగితము నడుమ ఒక పెద్ద బొట్టు పడి ఉన్నది. నాలుగవ వంతు మిగిలి ఉండగానే నింపుకొనుమని జవాబు వ్రాసినాను.