సముద్రతీరమున తాజమహలు హోటలు

ఓడలపై ప్రయాణములు సాగిన రోజులలో బొంబాయి రేవును సమీపించువారికి దూరమునుండియే ఒక గుమ్మటము కనిపించెడిది. అది కోవెలది కాదు, కోటది కాదు; అపోలో బందరు రేవునందలి తాజమహలు హోటలుది. దాని యెదుట మనము చూచు గేట్‌వే ఆఫ్ ఇండియా 1924లో గాని పూర్తి కాలేదు. అంతకు 21 సంవత్సరములు ముందే, 1903 డిసెంబరు 16వ తేదీన, ఈ హోటలు తలుపులు తెరచెను.

కట్టించినవారు జంషెడ్జీ టాటా. తెల్లవారి హోటలులో ప్రవేశము దొరకక పట్టుదలతో కట్టించిరని ఒక కథ కలదు. దానికి గట్టి ఆధారము లేదు. 1896లో ప్లేగు వ్యాధి ఈ నగరమును క్రుంగదీసెను. అట్టి సమయమున ఇంత పెద్ద అతిథిగృహమును తలపెట్టుట నగరము మీది నమ్మకమునకు గుర్తు. దాని వైభవమును కన్నులార చూచిన కొలది నెలలకే, 1904 మే నెలలో, ఆయన దివంగతులైరి.

భవనమునకు రూపకల్పన చేసినవారు సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా, పూర్తి చేసినవారు డబ్ల్యు. ఎ. చేంబర్సు. దీనిని పొరపాటున ముందు వెనుకలుగా కట్టిరని ఇంకొక కథ చెప్పుదురు. అదియు నిజము కాదు. బండ్లు వచ్చు నగరపు వైపున ద్వారమును పెట్టి, సముద్రపు వైపును గదులకు విడిచిరి. యజమాని ఆడంబరము కన్న అతిథి సుఖమునకే పెద్దపీట వేసిరన్న మాట.

విద్యుద్దీపములు, అమెరికా పంకాలు, జర్మనీ లిఫ్టులు, టర్కీ పద్ధతి స్నానశాలలు ఆనాటి నగరవాసులకు వింతలే. హైదరాబాదు ఆడపడుచు సరోజినీనాయుడు బొంబాయిలో నున్నపుడు ఇచ్చటనే బస చేయుచుండెడివారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఈ విలాసభవనమే 600 పడకల ఆసుపత్రిగా మారెను. 1973లో ప్రక్కన ఎత్తైన క్రొత్త కట్టడము చేరెను.

ఇన్ని సౌకర్యములు ధనముతో కొనదగినవి. కొనరానిది వేరొకటి కలదని 2008 నవంబరు 26వ తేదీ రాత్రి తేటపడెను. ఉగ్రవాదులు హోటలులో చొరబడినపుడు పలువురు ఉద్యోగులు తప్పించుకొని పోవు దారులు తెలిసియుండియు పోలేదు. వంటశాలల గుండ అతిథులను బయటికి నడిపించిరి. ఆ ప్రయత్నముననే కొందరు ప్రాణములు విడిచిరి. ఆ హోటలులో అసువులు బాసినవారు 31 మంది.

క్రొత్త కట్టడము ఆ డిసెంబరులోనే తిరిగి తెరువబడెను. కాలిన పాతభవనము బాగుపడి 2010 ఆగస్టు 15న మరల అతిథులను ఆహ్వానించెను. చలువరాళ్లను తిరిగి పరచవచ్చును, గుమ్మటమును తిరిగి నిలుపవచ్చును. గదికి అద్దె చెల్లించి వచ్చిన అపరిచితుని ప్రాణమును తన ప్రాణము కన్న మిన్నగా నెంచిన వంటవానిని ఏ శిల్పి తిరిగి నిర్మింపగలడు? మనము ఆ తీరమున నిలిచి గుమ్మటమును చూచునపుడు, లోపల వడ్డన చేయువారిని గూడ ఒకమారు తలచుకొనుట న్యాయము.