బడి గుమ్మం దాటాక మన బిడ్డ ఎటు పోవాలి?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద ఫస్టు మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులిస్తున్నాం. చాలా సంతోషం. ఈ రోజు మాత్రం ఈ వేదిక ఎన్నడూ ఎక్కని పిల్లవాడి గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్లాసులో ఒక అబ్బాయి ఉండేవాడు. నోటితో అడిగితే జవాబు టకటకా చెప్పేవాడు. పుస్తకం చేతికిస్తే చెమటలు పట్టేవి. ఉర్దూలో బే, పే, తే, సే అక్షరాల ఆకారం ఒకటే, చుక్కల్లోనే తేడా. అదే అక్షరం మాట మొదట ఒకలా, నడుమ ఒకలా, చివర ఇంకొకలా ఉంటుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి. తక్కిన పిల్లలు తంటాలు పడి గట్టెక్కారు. వాడు ఎక్కలేకపోయాడు. నేను వాణ్ణి మొద్దు అన్నాను, బెంచీ ఎక్కించాను. పదో తరగతి తప్పి బడి మానేశాడు. తప్పు నాదే.

ఏళ్ల తర్వాత ఒక వెల్డింగ్ షాపులో కనిపించాడు. చేతిలో మంచి పనితనం ఉంది. "మాస్టర్ సాబ్, పని నాకొచ్చు. బిల్లు రాయడం రాదు గనుక సొంతంగా షాపు పెట్టుకోలేకపోతున్నా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దీన్ని అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో వస్తే డిస్లెక్సియా, రాతలో డిస్‌గ్రాఫియా, లెక్కల్లో డిస్‌కాల్క్యులియా. ఇది బద్ధకమూ కాదు, తెలివితక్కువతనమూ కాదు. వయసొస్తే దానంతటదే పోయేదీ కాదు. కాని తగిన పద్ధతిలో నేర్పితే బ్రతుకుతెరువుకు అడ్డం రాదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతానికి తక్కువ కాకుండా ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో వీళ్లకూ భాగముంది. పరీక్షల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. పదో తరగతి తప్పినవాళ్లకు జాతీయ ఓపెన్ స్కూలు ఉంది. అయిదు సబ్జెక్టులు చాలు. అన్నీ ఒక్కసారే రాయనక్కర్లేదు, అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు. ఇవి తెలియక ఎందరు పిల్లలు వెనకబడ్డారో!

తల్లిదండ్రులకు ఒక మాట. పెళ్లి సంబంధాలు చెడతాయని, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఈ సంగతి దాచిపెడుతున్నాం. దాచితే సర్టిఫికెట్ రాదు, సాయమూ రాదు. తొమ్మిదో తరగతిలో ఉండగానే డాక్టరుకు చూపించండి. బిడ్డ చెయ్యి ఏ పనిలో ఆడుతుందో కనిపెట్టండి. సెలవుల్లో ఆ పని దగ్గర కూర్చోబెట్టండి.

షాపులున్న సోదరులకు ఇంకో మాట. ఏడాదికి ఒక్కరిని చేర్చుకోండి. పని కాగితం మీద రాసివ్వకుండా నోటితో చెప్పండి, చేసి చూపించండి. ఒకటి పూర్తయ్యాకే రెండోది చెప్పండి. సామానుకు రంగు గుర్తులు పెట్టండి. ఇవాళ రాసింది చదివి వినిపించే ఫోను, చెప్పింది రాసే ఫోను అందరి జేబుల్లోనూ ఉంది. బిల్లు సంగతి అది చూసుకుంటుంది. నా పాత శిష్యుడికి నేనిప్పుడు నేర్పుతున్నది అదే.

సొసైటీకి నా విన్నపం ఒక్కటే. స్కాలర్‌షిప్పు నిధిలో కొంత భాగం మార్కులు చూడకుండా, ఇలాంటి పిల్లల పరీక్షలకు, పని నేర్చుకోవడానికి, పనిముట్లకు కేటాయించాలి.

కళ్లు లేని ఇబ్నె ఉమ్మె మక్తూమ్ గారిని మన ప్రవక్త (స) జాలిపడి ఒక మూల కూర్చోబెట్టలేదు. అజాన్ ఇచ్చే బాధ్యత అప్పగించారు. తాము ఊళ్లో లేనప్పుడు మదీనాను ఆయనకే అప్పజెప్పి వెళ్లారు. మనం మన బిడ్డలకు పని అప్పజెప్పడానికి వెనకాడవచ్చునా?

అల్లాహ్ మనకు ఆ బుద్ధి ప్రసాదించుగాక.