అంటుకునే కొమ్మ, అంటుకోని కిడ్నీ

అశ్వారావుపేట వైపు మామిడి రైతులకు అంటు కట్టడం కొత్తేమీ కాదు. టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, చీలికలో బంగినపల్లి పుల్ల దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుడతారు. కొన్ని వారాలకు చిగురేస్తుంది. ‘ఎవరు నువ్వు?’ అని వేరు అడగదు.

మనిషి ఒళ్లు అడుగుతుంది. చెట్టులో లేని కాపలాదారులు మనలో ఉన్నారు. వాళ్లే రక్తంలో గస్తీ తిరిగే టీ-కణాలు. మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి, ఇంటిపేర్లలాగా. పరాయి పేరు కనబడిందా, ఇక విరుచుకుపడటమే! 1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే మార్చిన కిడ్నీ నిలిచిందంటే కారణం అదే: ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అచ్చుగుద్దినట్టున్న కవలలు. కాపలాదారుకు తేడా తెలియలేదు.

మిగతావాళ్లకు మందులే దిక్కు. విచిత్రమేమిటంటే అవీ మట్టిలోంచే వచ్చాయి. సైక్లోస్పోరిన్ నార్వే మట్టిలోని బూజు నుంచి, టాక్రోలిమస్ జపాన్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి. హైదరాబాద్ నిమ్స్ కేంద్రంగా నడిచే జీవన్‌దాన్ ద్వారా అవయవం అందుకున్నవారైనా సరే, ఒంట్లో బాగుందని మాత్రలు మానేస్తే కాపలా మళ్లీ మేలుకుంటుంది. మాత్రలు వేసుకుంటే కాపలా మందగిస్తుంది కాబట్టి చిన్న జ్వరాన్నీ తేలిగ్గా తీసుకోరాదు.

ఎముక మజ్జ మార్పిడిలో కథ తిరగబడుతుంది. వచ్చిన చుట్టమే ఇంటివాళ్ల మీద పడతాడు! ఆ గొడవ అణచడానికి వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1940లలో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో దాన్ని తయారుచేసింది, అసలు కేన్సర్ కోసం.