బురదలో దిగినవారికి వచ్చే జ్వరం



కాలవలకు నీళ్ళు వదలగానే దమ్ములు, ఊడ్పులు మొదలవుతాయి. ఆ వెనకనే ఊళ్ళో జ్వరాలూ మొదలవుతాయి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ మీరు విన్నవే. ఇవికాక పొలం పని చేసేవారిని ముఖ్యంగా పట్టే జ్వరం మరొకటి ఉంది. అది ఎలుక జ్వరం. వైద్యులు లెప్టోస్పైరోసిస్ అంటారు. మొదట్లోనే గుర్తిస్తే మామూలు మందులతో నయమవుతుంది. ఆలస్యం చేశామా, ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బు ముదిరితే ఎట్లా ఉంటుందో 1886లో అడాల్ఫ్ వైల్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. దీనికి కారణమైన క్రిమిని 1915లో జపాన్ శాస్త్రజ్ఞులు ఇనాడా, ఇడో కనిపెట్టారు. ఈ క్రిమి ఎలుక మూత్రపిండాల్లో కాపురముంటుంది. ఎలుకకు దానివల్ల బాధేమీ ఉండదు. గట్టు బొరియల్లోని ఎలుకల మూత్రం మడినీళ్ళలో కలుస్తుంది. తడినేలలో క్రిమి వారాల తరబడి బతుకుతుంది. నేల ఎండితే చస్తుంది. పశువులు, పందులు, కుక్కల మూత్రంలో కూడా ఉండవచ్చు. కొడవలి గాటు, మడమల పగుళ్ళు, నీళ్ళలో నాని చెడిన వేళ్ళ సందులు, ఇవే అది మన ఒంట్లోకి వచ్చే దారులు.

క్రిమి సోకిన తరవాత సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం వస్తుంది. ఉన్నట్టుండి చలి, తీవ్రమైన తలనొప్పి, నడుమునొప్పి. పిక్కలు ముట్టుకుంటే ఓర్చుకోలేరు. కళ్ళు ఎర్రబడతాయి గాని పుసి కట్టవు. "ఊడ్పుల బడలికేలే" అని చాలామంది ఊరుకుంటారు. కొందరికి జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. ముదిరితే కళ్ళు పచ్చబడతాయి, మూత్రం తగ్గుతుంది, ఆయాసం, దగ్గులో రక్తం కనిపిస్తాయి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కళ్ళు పచ్చబడగానే కామెర్లని పసరు తాగటానికో, చేతికి వాత పెట్టించుకోటానికో బయలుదేరతారు. ఆ తిరుగుడులో ఉండగానే మూత్రపిండాలు దెబ్బతింటాయి. నొప్పుల బిళ్ళలు సొంతంగా మింగటం కూడా మూత్రపిండాలకు చేటు. జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే ఆసుపత్రికి వెళ్ళండి. అడిగినా అడగకపోయినా, "నేను ఇన్నాళ్ళుగా బురదలో పని చేస్తున్నాను" అని వైద్యునితో చెప్పండి. మొదటి రోజుల్లో రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. అప్పుడు మీరు చెప్పే ఆ ఒక్క మాటే వైద్యునికి దారి చూపుతుంది. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మందులు దీనికి బాగా పనిచేస్తాయి. ఏది, ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. గర్భిణులైతే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక జబ్బు రాకుండా చూసుకోవటం. బూట్లు వేసుకుని ఊడ్చటం కష్టమే. కాని గాయాలకు తడి తగలకుండా కట్టు కట్టుకోవచ్చు. పని కాగానే బోరునీళ్ళతో, సబ్బుతో కాళ్ళూ చేతులూ కడుక్కోవచ్చు. కాలవనీళ్ళు కాచకుండా తాగవద్దు. కొట్టం శుభ్రం చేసేటప్పుడు బూట్లు వేసుకోండి. వరుసగా పశువులు ఈసుకుపోతుంటే పశువైద్యునికి చూపించండి.

ఎలుకలను ఒక్క రైతు తన చేలో చంపితే లాభం లేదు. పక్క చేలోవి వచ్చి చేరతాయి. ఊరంతా ఒకే రోజున పూనుకోవాలి. గట్లు సన్నగా వేసుకోండి. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమోడయోలోన్ మందు 2 పాళ్ళు కలిపిన ఎరను పొట్లాలుగా కట్టి, ఎలుకలున్న బొరియల్లో పెట్టండి. పిల్లలకు, పశువులకు అందనీయకండి. చచ్చిన ఎలుకలను ఒట్టిచేత్తో తాకక లోతుగా పూడ్చండి. విస్తరణ కార్యకర్తలు ఈ పని ఊడ్పులకు ముందే చేయిస్తే పంటా దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.

బురదలో దిగినవారికి జ్వరం వస్తే అది బడలిక అనుకోవద్దు. ఈ మాట ఇంటింటా చెప్పుకోండి.