ఎదిగిన బిడ్డ – ఇంటి పలకరింపు



మా ఎర్రుపాలెము రైలు ఆగు ఊరు. పదవ తరగతి ముగియగానే మా పిల్లలు పలువురు ఖమ్మమునకో విజయవాడకో పోయి, వసతిగృహములలో నుండి ఇంటర్మీడియేటు చదువుదురు. నా కుమారుడును పదునారవయేట అట్లే పోయెను. ఆదివారమునాడు వాడు టెలిఫోనులో మాటాడినపుడెల్ల నేను మొదట అడిగెడిది మార్కులే. “బాగుగనే వచ్చినవి, నాయనా” అని వాడు చెప్పెడివాడు. నేను సంతసించెడివాడను.

ఒకనాటి సాయంకాలము వాడు చెప్పకయే రైలు దిగి యింటికి వచ్చెను. నేను కారణమడుగబోగా మా యమ్మ చేసైగతో వారించి, వానిని కాళ్లు కడుగుకొమ్మని అన్నము పెట్టెను. రాత్రి ఆరుబయట నాయనమ్మతో వాడు చెప్పిన మాటలు నా చెవినబడెను. రెండు నెలలుగా పరీక్షలలో తప్పుచున్నాడట, నిద్ర రాదట, నాతో చెప్పుటకు భయమట. పరీక్షకన్న తండ్రియే వానికి పెద్ద భయమైనందులకు నేను సిగ్గుపడితిని.

ఇది నా యింటి ముచ్చట మాత్రమే కాదు. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన పిదప తెలంగాణమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఒక్కొక్క దుఃఖమునకు కారణములు పెక్కులుండవచ్చును. అయినను ఇంటివారితో చెప్పుకొను దారి తెరచియుండుట మన చేతిలోని పని.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు ఏడు మొదలు పండ్రెండేండ్ల బాలికలను 61 మందిని పరీక్షించి, 2010లో ఫలితము ప్రకటించిరి. పరులయెదుట ప్రసంగించి, లెక్కలు చేసి కలతచెందిన ఆ బాలికలకు, టెలిఫోనులో తల్లి గొంతు వినినంతనే, కలతవేళ శరీరమున పెరుగు కార్టిసాల్ అను రసము త్వరగా తగ్గెను. 2012లో వారే, తల్లి వ్రాసి పంపిన సందేశమునకు ఆ గుణము లేదని కనుగొనిరి.

కాని పిల్లలు ఎదిగినకొలది సంగతి మారును. మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన శోధనలో, తల్లియో తండ్రియో తోడుండుట తొమ్మిది పదియేండ్లవారి కలతను అణచెను. పదునైదు పదునారేండ్లవారికి అట్లు జరుగలేదు. దీనినిబట్టి ఆ వయసున పెద్దలు పనికిరారని నేననను. ప్రక్కన కూర్చుండుట మాత్రమే చాలదనియు, చెప్పిన కష్టమును కోపపడక వినువాడని బిడ్డ నమ్మవలెననియు నా తలంపు.

కావున పెద్దలకు నా విన్నపము. మార్కులకు ముందు తిండిని, నిద్రను అడుగుడు. పొరుగింటి పిల్లవానితో పోల్చకుడు. మీరు ఓడి నిలదొక్కుకొనిన సంగతియు చెప్పుడు. తెగులు సోకి మిర్చితోట పోయిన యేటి కథను నేను నా కుమారునకు ఆ మరునాడే చెప్పితిని. బిడ్డ బ్రతుకుపై విసిగినట్లు మాటాడినచో ఒంటరిగా విడువకుడు, వైద్యునికి చూపుడు. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఉచితముగా మాటాడవచ్చును.

మావాడు మరల రైలెక్కెను. తరువాతి ఆదివారము, “నాయనా, ఈసారియు లెక్కలలో తప్పితిని” అని తానే ముందుగా చెప్పెను. ఆ మాటకు నేను మునుపటి మార్కులన్నిటికన్న మిక్కిలి సంతసించితిని.