గాలము, బెండు, మన ఊరి నీళ్ళు



నాట్లు ముగిసినవి. కలుపు తీతకు ఇంకా కొన్నాళ్ళు వ్యవధి ఉన్నది. ఈ తీరిక వేళ గాలపు వేట గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. “ఎవుసం చెప్పే సారు చేపల ముచ్చట పెట్టిండేంది?” అనుకోకండి. నీటిని చూచి తెలుసుకొనుట కూడా సేద్యంలో భాగమే గదా!

కావలసిన సామాను స్వల్పం. ఒక సన్నని వెదురు కర్ర, దారం, గాలం, చిన్న సీసపు గుండు, బెండు ముక్క. ఎరకు పెంటకుప్ప పక్కన తవ్విన ఎర్రలు గాని, తవుడు కలిపిన పిండిముద్ద గాని చాలును. బెండును దారం మీద పైకి, కిందికి జరిపితే ఎర దిగే లోతు మారును. కిటుకంతా ఇక్కడనే ఉన్నది. బొచ్చె పైనీటిలో మేయును, రోహు నడిమి నీటిలో, మ్రిగాల అడుగున. బెండు ఊరకే తలూపుతుంటే చిన్న చేపలు ఎరను కొరుకుచున్నవన్న మాట. ఒక్కసారిగా మునిగినదా, అప్పుడు కర్ర ఎత్తవలెను. చూపు బెండు మీద నిలిచినంత సేపు అప్పుల లెక్కలు మనసుకు రావు. ఇది నా అనుభవం.

మా రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో నీళ్ళన్నీ ఒక్క తీరుగా ఉండవు. ఊరి చెరువులో తుంగ పెరిగిన అంచున కొర్రమీను ఉండును. గోదావరి మడుగులలో వాలుగ, జెల్ల దొరుకును. కాని ఎల్లంపల్లి జలాశయం సుమారు 20 టి.ఎం.సి.లది. గేట్లు ఎత్తితే దిగువన నీరు చూస్తుండగానే పెరుగును. వానకాలం అక్కడ నది నడుమ బండల మీద కూర్చుండరాదు. ఇక ఓపెన్‌కాస్టు గనుల పాత గోతులలో నీరు నీలంగా ఊరించును. అటు పోనే వద్దు. ఒడ్డు నిట్టనిలువు, మట్టి వదులు, రెండో అడుగుకే లోతు.

కిందటి వానకాలం నేనే ఒక తప్పు చేయబోయినాను. చెరువులో ఒకచోట నీటి పైన ఎర్రని చేపపిల్లల గుంపు సుడి తిరుగుచున్నది. ఆశపడి గాలం అక్కడనే వేసినాను. పక్కనున్న ఒక ముసలి గని కార్మికుడు, “గాలం గుంజు బిడ్డా! అవి కొర్రమీను పిల్లలు. కింద తల్లి కావలి ఉన్నది. దాన్ని తీస్తివా, నీకు ఒక్క చేప, చెరువుకు వందల చేపలు పాయె” అన్నాడు. సిగ్గుపడి గాలం తీసినాను.

ఆయన మాట అక్షరాలా నిజం. కొర్రమీను తన పిల్లలను కాచుకొనును. కావలి పోయిన పిల్లలను తక్కిన చేపలు మింగివేయును. 2016లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చేపగా ప్రకటించినది ఈ కొర్రమీనునే.

కనుక మూడు మాటలు గుర్తుంచుకోండి. మత్స్య సహకార సంఘం పెంచుకొనే చెరువులో వారిని అడిగి గాలం వేయండి. చిన్న చేప పడితే తడిచేతితో తీసి నీట వదలండి. పిల్లల గుంపు కనబడినచోట గాలం వేయకండి. గ్రామాలలో తిరిగే మా తోటి విస్తరణ ఉద్యోగులు కూడా ఈ మాట నలుగురికీ చెప్పవలెనని కోరుచున్నాను.

విత్తనపు గింజను వండుకొని తినే రైతు ఉండడు గదా! చెరువుకు ఆ తల్లి చేపే విత్తనం. సెలవు.